మండువ లేని మండువ స్టేజీ

చిన్నూకి, పండుకి తాత దీవెనలు.

మొన్న బతుకమ్మ పండక్కి వచ్చి హైదరాబాద్ తిరిగి వెళ్లేటప్పుడు చిన్నూ నన్ను ఒక మాట అడిగింది. అప్పటికే బస్సు వచ్చి ఆగింది, జవాబు చెప్పే తీరిక దొరకలేదు. "తాతా, ఈ స్టాపు పేరు మండువ స్టేజీ కదా. మరి మండువ ఏది? పంచర్ల షాపు, మీసేవ, సిమెంటు దుకాణం తప్ప ఇక్కడ ఏమీ లేదేంటి?" అని. ఫోన్‌లో చెబుదామంటే పండు మధ్యలో ఫోను లాక్కుని గేము పెట్టుకుంటాడు. అందుకే ఉత్తరం రాస్తున్నా. అమ్మతో చదివించుకోండి, తెలుగు కూడా కాస్త వస్తుంది.

మండువ అంటే కల్లు అమ్మే చోటు. ఇప్పుడు సిమెంటు దుకాణం ఉన్న జాగాలో నా చిన్నప్పుడు పెద్ద వేపచెట్టు ఉండేది. దాని కింద తాటికమ్మలు కప్పిన కొట్టం, వరసగా కల్లు లొట్లు, అంటే కుండలు, కూర్చోవడానికి నాపరాళ్లు. బస్సు ఆ తర్వాతెప్పుడో వచ్చింది. అది ఎక్కడ ఆగాలంటే మనుషులున్న చోట ఆగాలి. సాయంత్రమైతే ఊళ్లో మనుషులుండే చోటు అదే. అలా పేరు పడింది. చెట్టు పోయింది, కొట్టం పోయింది, కండక్టరు నోట్లో పేరు మాత్రం ఉండిపోయింది. ఇది మన ఒక్క ఊరి సంగతే అనుకోకండి. లండన్‌లో ఏంజెల్, ఎలిఫెంట్ అండ్ క్యాజిల్, రాయల్ ఓక్ అని మెట్రో స్టేషన్లున్నాయి. అవన్నీ ఒకప్పటి సత్రాల పేర్లు, పబ్బుల పేర్లు. మీ బాబాయి అక్కడ రోజూ రైలెక్కుతాడు, వాడినీ అడిగి చూడండి.

ఇప్పుడు మన ఊరి వీధుల సంగతి. వంటింట్లోకి వెళ్లి అమ్మ పోపుల డబ్బా మూత తీసి చూడండి. నడుమ ఒక గిన్నె, చుట్టూ గిన్నెలు. ఆవాలు ఆవాలే, జీలకర్ర జీలకర్రే, ఒకదాంట్లో ఒకటి పడితే అమ్మ ఊరుకోదు. మన ఊరు కూడా అట్లాగే కట్టారు. నడుమ బొడ్రాయి. ఊరు పుట్టినప్పుడు పాతే రాయి అది, ఇప్పటికీ ఏటా నీళ్లు పోసి పసుపు కుంకుమ పెడతాం. దాని చుట్టూ కోమటి బజారు, కుమ్మరివాడ, చాకలివాడ, సాలోళ్ల బజారు, గొల్లవాడ, కల్లు గీసేవాళ్ల గౌండ్లవాడ. ఏ వాడ పని ఆ వాడదే, ఏ వాడ పెళ్లి ఆ వాడదే. మా సాలోళ్ల బజారులో పొద్దున్నుంచి మగ్గం చప్పుడే. కుమ్మరివాడలోకి వెళ్తే కుండలు కాల్చే ఆవం పొగ. కళ్లు మూసుకుని నడిచినా ఏ వాడలో ఉన్నామో తెలిసేది.

మరి డబ్బా ఊరికే ఉంటే కూర అవుతుందా? ఎవరో ఒకరు చిటికెడు చిటికెడు తీసి ఒకే మూకుడులో వేయాలి. ఆ మూకుడు మండువ. పొద్దుగూకేసరికి కుమ్మరాయన, చాకలాయన, మగ్గం దిగిన మా నాన్న, గొర్లను దొడ్లోకి తోలిన గొల్ల మామ, అందరూ అక్కడికి చేరేవాళ్లు. వరసలు కలిపి పిలుచుకునేవాళ్లు. రేపు ఎవరి పొలంలో నాటు, ఎవరి బర్రె ఈనింది, ఏ ఊళ్లో పిల్ల ఉంది, అన్నీ అక్కడే తెలిసేవి. పెళ్లి సంబంధం ఖాయమైతే రెండు దిక్కులవాళ్లూ కలిసి కల్లు తాగాల్సిందే. పంచాయితీలో తప్పు తేలినవాడు జరిమానా కింద అందరికీ కల్లు పోయించేవాడు. ఎల్లమ్మకు బోనం తీస్తే సాక పోయడానికీ, అంటే దేవత ముందు ధారగా పోయడానికీ, కల్లే కావాలి.

కానీ పోపుల డబ్బాలో ఒక గిన్నె ఎప్పుడూ ఉండదు, గమనించారా? ఉప్పు. ఉప్పు వేరే జాడీలో ఉంటుంది, పొయ్యికి దూరంగా, గోడవార. అది లేకుండా ఒక్క కూరా కాదు, అయినా డబ్బాలో చోటు లేదు. మన ఊరికి దక్షిణాన, చెరువుకట్ట దాటాక ఉన్న మాదిగవాడ, మాలవాడ అట్లాంటివి. డప్పు వాళ్లది, చెప్పు వాళ్లది, పొలంలో సగం పని వాళ్లది. మండువలో మాత్రం వాళ్లు కూర్చునే చోటు వేరు, వాళ్లకు పోసే లొట్టి వేరు. పై నుంచి ఎత్తి పోస్తే మోదుగాకు దొన్నెలో పట్టుకుని తాగేవాళ్లు. మండువలో అందరూ సమానమని ఎవరైనా పాతకాలాన్ని తెగ మెచ్చుకుంటే నమ్మకండి. నేను చూశాను, సమానం కాదు. నానమ్మ ఈ ఉత్తరం చూసి, పోపుల డబ్బాను ఇక వదిలేయమంటోంది. సరే, వదిలేస్తా.

నేను మండువకు ఎందుకు వెళ్లేవాణ్ణో చెప్తా. తాగడానికి కాదు! మా అమ్మ సాయంత్రానికి బొబ్బర్లో శనగలో ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, మిరపకాయలు వేసి గుడాలు చేసేది. నేను గంపలో పెట్టుకుని వెళ్లి ఆకులో పోసి అమ్మేవాణ్ణి. బడి సంచీ ఇంట్లో పడేసి గంప ఎత్తుకోవడమే. నాకు లెక్కలు బళ్లో వచ్చాయో మండువలో వచ్చాయో ఇప్పటికీ తేల్చుకోలేను. తాగినవాడు చిల్లర తప్పు చెప్తే నవ్వుతూనే సరిగ్గా రాబట్టాలి కదా. ఒక్కోసారి శారదకథ చెప్పేవాళ్లు తంబూర పట్టుకుని వచ్చేవాళ్లు. ఆ రోజు గుడాలు త్వరగా అయిపోయేవి, నేను మాత్రం త్వరగా ఇంటికి పోయేవాణ్ణి కాదు. వాళ్లు పాడింది ఎక్కువగా సర్వాయి పాపన్న కథ. ఇప్పటి జనగామ జిల్లాలో ఖిలాషాపూర్ అనే ఊరుంది. పాపన్న కోట అక్కడే, ఆయన కల్లు గీసే గీత కులంలో పుట్టినవాడు. కల్లు గీసుకోమంటే దండు కట్టి కోటలు కట్టాడు, 1708లో వరంగల్ మీదే పడ్డాడు. 1710లో మొఘల్ సేనలు అతన్ని పట్టి చంపాయి. తాటిచెట్టు ఎక్కేవాడు కోట గోడ ఎక్కితే ఆశ్చర్యం ఏముంది అని మా గౌడ్ తాత అనేవాడు. ఖిలాషాపూర్‌లో రాతికోట ఇంకా ఉంది, కారులో ఒకసారి వెళ్దాం.

గౌడ్ తాత అన్నాను కదా, ఆయన పని మీరు చూడలేదు. నడుముకు మోకు తాడు, పాదాలకు గుజి బంధం, వెనక ముస్తాదులో గీతకత్తులు. ఎండాకాలమైనా మంచు పడుతున్నా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అదే చెట్టు ఎక్కాలి. తాటిగెల కొసను రోజూ పల్చగా చెక్కితేనే కల్లు కారుతుంది, మానేస్తే గాయం ఎండిపోయి ఆగిపోతుంది. అంటే పండగ లేదు, జ్వరం లేదు. మోకు జారితే మనిషి దక్కడం కష్టం. మన ఊళ్లో అట్లా పోయినవాళ్లూ, నడుము విరిగి మంచాన పడ్డవాళ్లూ ఉన్నారు. పొద్దున్నే దించిన కల్లు తియ్యగా ఉంటుంది. ఎండెక్కే కొద్దీ పులుస్తుంది, పులిసే కొద్దీ మత్తు. గాలిలోనూ లొట్టిలోనూ ఉండే ఈస్టు అనే కంటికి కనిపించని జీవి చక్కెరను తినేసి మత్తు చేస్తుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ జీవికి గిట్టదు, రసం తియ్యగానే ఉంటుంది, అదే నీరా. ఇంతకంటే లోతుగా కావాలంటే మీ సైన్సు టీచర్ని అడగండి, నాకు తెలిసింది అంతే.

అంత కష్టపడ్డ కల్లు మీద గౌడ్ తాతకు మిగిలింది తక్కువే. నిజాం సర్కారు ఖజానాకు వచ్చే పెద్ద రాబడుల్లో అబ్కారీ, అంటే కల్లు, సారాల మీద పన్ను, ఒకటి. చెట్టుకు నంబరు వేసి పన్ను వసూలు చేసేవాళ్లు, దుకాణాలు వేలం పాడేవాళ్లు. వేలంలో గెలిచిన గుత్తేదారు ఎక్కడో పట్నంలో ఉండేవాడు, చెట్టు ఎక్కేది మాత్రం ఈయన. దాని మీద దొర గడీకి వెట్టి, అంటే కూలి లేని చాకిరీ. దొర కోసం కొన్ని చెట్లు విడిగా పెట్టి, ఆ కల్లు పైసా తీసుకోకుండా మోసుకెళ్లి ఇవ్వాలి. చాకలాయన ఊరికే బట్టలు ఉతకాలి, కుమ్మరాయన ఊరికే కుండలు ఇవ్వాలి, మా తాత ఊరికే పంచెలు నేయాలి. 1946 నుంచి 1951 దాకా మన దిక్కు సాయుధ పోరాటం జరిగిందని పుస్తకంలో రెండు లైన్లు చదివి ఉంటారు. ఆ రెండు లైన్ల వెనక ఇట్లాంటి బరువులు చాలా ఉన్నాయి. తర్వాత చాలా ఏళ్లకు గీత కార్మికుల సొసైటీలు వచ్చాయి, చెట్లు గీసేవాళ్ల చేతికి వచ్చాయి.

అయితే మండువ ఎందుకు పోయింది? ఒక్క కారణం చెప్పలేను. మొదట సారా వచ్చి పక్కన కూర్చుంది. కల్లు చెట్టు ఇచ్చినంతే ఉంటుంది, సారాకు ఆ లెక్క లేదు. ఇళ్లు గుల్లయ్యాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడికి వచ్చి అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణం వద్దని తిరగబడ్డారు. ఆ మంట అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబర్ 1 నుంచి సారా బంద్ అయింది. 1995లో మద్యమంతా నిషేధం అన్నారు, 1997లో ఎత్తేశారు. అక్కణ్ణుంచి వైన్ షాపులు, వాటి వెనకే బెల్టు షాపులు. ఇక కల్లుకు ఉన్న పేరు కూడా కొందరు పాడుచేశారు. చెట్టు కల్లు చాలక, క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మందులు నీళ్లలో కలిపి కల్లు అని అమ్మారు. దానికి అలవాటుపడి, ఒకరోజు దొరక్కపోతే వింతగా ప్రవర్తించి ఆసుపత్రి పాలైనవాళ్లు ఎంతమందో. ఇంకోవైపు తాటివనం ప్లాట్లయింది. గౌడ్ తాత కొడుకులు ఒకరు దుబాయి, ఒకరు ఉప్పల్‌లో ఆటో. తండ్రి పడ్డ చెట్టు ఎక్కమని కొడుకుకు ఎవరు చెప్తారు? ఆఖరికి రోడ్డు వెడల్పు చేసినప్పుడు వేపచెట్టు కొట్టేశారు. అప్పటికే కొట్టం ఖాళీగా ఉండేది.

తాత కల్లు మీద ఇంత రాశాడు కదా అని పెద్దయ్యాక తాగుడు మొదలుపెడితే ఊరుకోను, చెప్తున్నా. నేను చెప్పేది తాగుడు గురించి కాదు, మనుషులు సాయంత్రం పూట ఒకచోట చేరడం గురించి. ఇప్పుడు మన వీధుల్లో సీసీ రోడ్లు పడ్డాయి, బురద లేదు, చాలా మంచిది. కానీ తొమ్మిది అయ్యేసరికి ఏ ఇంటి టీవీ ఆ ఇంట్లో. పక్కింట్లో ఎవరికి బాగోలేదో రెండు రోజుల తర్వాత వాట్సాప్‌లో తెలుస్తుంది.

మీరు సెలవులకు వచ్చినప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. చెరువు అలుగు దగ్గర నాలుగు ఈతచెట్లు ఇంకా మిగిలాయి. తాటికి గెలను చెక్కుతారని చెప్పాను కదా, ఈతకు అట్లా కాదు. మొవ్వ కింద ఒక పక్క మట్టలు నరికి, ఆ చోట మానునే చెక్కుతారు. మరుసటి ఏడు దానికి ఎదురు పక్కన, కొంచెం పైన. చెట్టు పెరుగుతూ పోతుంది, గాట్లు కింద మిగిలిపోతాయి. అందుకే గీసిన ఈతచెట్టు మాను నిటారుగా ఉండదు, అటొక మెట్టు ఇటొక మెట్టుగా ఉంటుంది. ఒక్కో గాటు ఒక ఏడు గీసినట్టు. మన ఊళ్లో ఎవరూ రాసి పెట్టని లెక్క ఆ చెట్టు మీద ఉంది! ఏ ఏడు ఆపేశారో కూడా దాన్ని బట్టి పట్టుకోవచ్చేమో, నాకైతే అది తలచుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది.

కింది నుంచి లెక్కపెట్టండి. చిన్నూ ఎడమ పక్క, పండు కుడి పక్క, అప్పుడు కొట్లాట ఉండదు. కింది గాట్లు అరిగిపోయి ఉంటాయి, కంటికి ఆనకపోతే చేత్తో తడిమి చూడండి. ముళ్లు జాగ్రత్త. చెట్టు మొదట్లో పొదలుంటాయి, ముందు కర్రతో నేల కొట్టి, పాము లేదని చూసుకున్నాకే దగ్గరకు వెళ్లండి. తర్వాత గౌండ్లవాడలో మూడో ఇంటికి వెళ్లి, ఆ చెట్లు గీసింది ఎవరో అక్కడున్న అవ్వను అడగండి. ఆమెకు చెవులు సరిగ్గా వినపడవు, గట్టిగా అడగాలి.

మీ తాత