పెరటి కంచెలో అయిదు అంగుళాల దారి

బ్రిటన్‌లో చీకటి పడ్డాక ఇళ్ల వెనుక పెరళ్లలోకి వచ్చిపోయే హెడ్జ్‌హాగ్ అనే ముళ్ల చిరుజంతువును కాపాడాలనుకునేవారు చాలామంది మొదట చేసే పని గిన్నెలో తిండి పెట్టడం. ఆ ప్రేమలో తప్పేమీ లేదు గాని, ఆ జంతువుకు అంతకంటే ముందు కావలసింది కంచె అడుగున ఒక చిన్న దారి.

ఐరోపా హెడ్జ్‌హాగ్ కిలోకు అటూఇటూగా బరువుండే నిశాచర జీవి. దాని వీపును కప్పి ఉండే వేలాది ముళ్లు నిజానికి గట్టిపడిన వెంట్రుకలే. చూడగానే ముళ్లపంది గుర్తుకొచ్చినా దానితో దీనికి చుట్టరికం లేదు. ముళ్లపంది ఎలుకల వర్గానికి చెందినది, హెడ్జ్‌హాగ్ నిజానికి ఎలుకలు కాని చుంచులకు (ష్రూ) దగ్గరిది. దీని బంధువైన మద్రాసు హెడ్జ్‌హాగ్ ఆంధ్రప్రదేశ్, తమిళనాడు మెట్టప్రాంతాల పొదల్లో బతుకుతోంది. అయితే మనుషుల పెరళ్లనే ముఖ్య ఆశ్రయంగా చేసుకోవలసి వచ్చినది మాత్రం ఐరోపా జాతి. పొలాల మధ్య జీవకంచెలను కొట్టివేసి కమతాలను పెద్దవి చేయడం, పురుగుమందుల వల్ల కీటకాలు తగ్గిపోవడం దానిని పల్లెల్లో దెబ్బతీశాయి. 2000 తరువాత బ్రిటన్ గ్రామీణ ప్రాంతాల్లో వీటి సంఖ్య 30 నుంచి 75 శాతం దాకా పడిపోయిందని 2022 నాటి నివేదిక తెలిపింది. అదే నివేదిక ప్రకారం పట్టణాల్లో ఈ పతనం ఆగి, కోలుకుంటున్న సూచనలు కనిపించాయి. బ్రిటన్ క్షీరదాల ఎర్ర జాబితాలో 2020లో ఇది ముప్పున్న జాతిగా చేరింది. 2024లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని ముప్పుకు చేరువైన జాతుల్లో చేర్చింది.

పట్టణంలో బతకడానికి అవకాశం ఉన్నా, అక్కడి అడ్డంకి వేరు. పెంకుపురుగులు, గొంగళిపురుగులు, వానపాముల కోసం, జతకట్టే కాలంలో జోడు కోసం హెడ్జ్‌హాగ్ ఒక్క రాత్రిలో కిలోమీటరు నుంచి రెండు కిలోమీటర్ల దాకా నడుస్తుంది. అంత తిరుగుడుకు ఏ ఒక్క పెరడూ సరిపోదు. ఇంటింటికీ చెక్క పలకల కంచె, దాని అడుగున నేలకు ఆనించి కాంక్రీటు పలక వేసిన వీధిలో ఒక్కొక్క పెరడు ఎంత పచ్చగా ఉన్నా ఈ జంతువుకు మూసిన గదే అవుతుంది. అందుకే రెండు సంరక్షణ సంస్థలు కలిసి 2011లో ప్రారంభించిన ‘హెడ్జ్‌హాగ్ స్ట్రీట్’ ఉద్యమం, కంచె అడుగున 13 సెంటీమీటర్ల చదరపు కన్నం పెట్టమని ఇళ్లవారిని కోరుతోంది. అది సుమారు అయిదు అంగుళాలు. చాలా పెంపుడు జంతువులు దూరలేనంత చిన్నది. ఇరుగుపొరుగు ఒప్పుకుంటే తప్ప ఈ పని సాధ్యం కాదు. నా దృష్టిలో ఇందులోని అసలు విలువ కూడా అదే, ఎందుకంటే వరుసగా పది ఇళ్లవారు ఒప్పుకున్న వీధి ఆ జంతువుకు ఒకే పెద్ద తోట అవుతుంది.

దారి ఏర్పడ్డాక తిండి మాట. పాలు పెట్టకూడదు: పాలలోని చక్కెరను హెడ్జ్‌హాగ్ అరిగించుకోలేదు, విరేచనాలు పట్టుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఎండబెట్టి అమ్మే మీల్‌వర్మ్ పురుగుల్లో కాల్షియం కంటే ఫాస్ఫరస్ చాలా ఎక్కువ కనుక, అవే ప్రధాన ఆహారమైతే ఎముకలు బలహీనపడతాయి. మాంసంతో చేసిన పిల్లి ఆహారం కొద్దిగా, లోతులేని పళ్లెంలో మంచినీరు చాలు. ఒక మూల ఆకులనూ కుళ్లే దుంగలనూ కదపకుండా వదిలేస్తే అక్కడ పెరిగే పురుగులు మనం పెట్టే ఏ తిండికన్నా మేలైనవి. నత్తలను చంపే, హెడ్జ్‌హాగ్‌లకూ హాని చేసే మెటాల్డిహైడ్ గుళికల ఆరుబయటి వాడకం బ్రిటన్‌లో 2022 నుంచి నిషిద్ధం.

డెన్మార్క్‌లో పరిశోధకురాలు సోఫీ లుండ్ రాస్ముసెన్ ప్రజల సాయంతో వందలాది చనిపోయిన హెడ్జ్‌హాగ్‌లను సేకరించి, దవడ ఎముకలోని గీతలను బట్టి వాటి వయసు కట్టారు. శీతాకాల నిద్రలో ఎముక పెరుగుదల మందగించడం వల్ల చెట్టు మానులోని వలయాల్లా ఏటా ఒక గీత పడుతుంది. సగటు వయసు సుమారు రెండేళ్లే అయినా, వాటిలో ఒకటి పదహారేళ్లు బతికినట్టు తేలింది. శాస్త్రీయంగా నమోదైన వాటిలో అదే అత్యధికం. ఆ జంతువుల్లో సగానికి పైగా రోడ్డు దాటుతూ చనిపోయినవే. తొలి రెండు మూడు ఏళ్ల గండాలను దాటించగలిగితే ఈ ప్రాణికి ముందు ఎంతో ఆయుష్షు ఉందని దీనివల్ల తెలుస్తోంది. ఆ గండాల్లో కొన్ని మన చేతుల్లోనివే. ప్రమాదం ఎదురైతే హెడ్జ్‌హాగ్ పారిపోదు, ఉన్నచోటే ముడుచుకుంటుంది. నక్క ముందు పనికొచ్చే ఆ ఉపాయం గడ్డి కోసే యంత్రం ముందు పనికిరాదు. రాస్ముసెన్ బృందం చనిపోయిన హెడ్జ్‌హాగ్‌లతో, వాటంతటవే తిరుగుతూ గడ్డి కోసే రోబో యంత్రాలను పరీక్షించి 2021లో ఫలితాలు వెలువరించింది. వాటిలో ఒక్కటీ తాకకుండా ముందే పసిగట్టలేకపోయింది. కనుక ఆ యంత్రాలను రాత్రివేళ నడపకూడదు, పొదల అడుగున గడ్డి కత్తిరించే ట్రిమ్మర్ పెట్టేముందు చేత్తో వెతికి చూడాలి.

నవంబరు నుంచి మార్చి దాకా సాగే శీతాకాల నిద్రలో నిమిషానికి 190 సార్లు కొట్టుకునే గుండె 20కి దిగుతుంది, శరీరం చుట్టూ ఉన్న చలికి దగ్గరగా చల్లబడుతుంది. ఆ పడకకు ఎండుటాకులే పరుపు కనుక వాటిని ఊడ్చి పారేయకూడదు. బ్రిటన్‌లో వేడుకగా నవంబరు 5న వేసే భోగిమంటల్లాంటి మంటల కోసం ముందుగా పేర్చిన కట్టెల కుప్పలోనూ ఇవి దూరి పడుకుంటాయి. వెలిగించే రోజునే కుప్పను వేరేచోటికి మార్చి పేర్చాలి. పెరటి కుంటకు ఏటవాలు ఒడ్డు గాని, రాళ్ల మెట్టు గాని ఉండాలి, ఎందుకంటే ఇది ఈదగలదు గాని నిలువు గోడ ఎక్కలేదు.

పట్టపగలు ఆరుబయట నీరసంగా పడి ఉన్న హెడ్జ్‌హాగ్‌కు చాలావరకు జబ్బుచేసినట్టే. మందపాటి చేతి తొడుగులతో ఎత్తి, ఎత్తయిన అంచులున్న పెట్టెలో తువ్వాలు చుట్టిన గోరువెచ్చని నీళ్ల సీసాతో పాటు ఉంచి, దగ్గరలోని వన్యప్రాణి సంరక్షకులకు ఫోన్ చేయాలి. పగటిపూట గూటికి ఆకులు మోసుకుంటూ చురుకుగా తిరిగే ఆడ హెడ్జ్‌హాగ్‌ను మాత్రం పట్టుకోకూడదు. దాని గూట్లో పిల్లలుండవచ్చు.