సావేజ్‌కి ఏ హీలర్ మంచిది? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ గేమ్‌లో నేను హీలర్‌గా (పార్టీ ప్రాణాలు నిలబెట్టేవాడిగా) సావేజ్ రెయిడ్లు (ఎనిమిదిమంది కలిసి బాస్‌తో తలపడే కష్టమైన పోరాటాలు) ఆడతాను. కొత్త హీలర్లు రికార్డింగులు పంపితే చూసి, తోచింది చెప్తుంటాను. ఆటలో హీలర్ క్లాసులు నాలుగు: వైట్ మేజ్, ఆస్ట్రాలజియన్, స్కాలర్, సేజ్. కొత్త రెయిడ్ వచ్చిన ప్రతిసారీ ఒకటే మెసేజ్: "అన్నా, వైట్ మేజ్‌తో కావట్లేదు, సేజ్‌కి మారిపోనా?" వారం తిరక్కుండానే ఇంకొకరు: "అన్నా, సేజ్‌కి హీలింగ్ తక్కువంట కదా, వైట్ మేజ్‌కి వెళ్లిపోనా?" ఈ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడుకోమంటే నా పని తగ్గుతుంది.

అపోహ: ఎక్కువ హీల్ చేసే క్లాసే కష్టమైన రెయిడ్‌కి మంచిది.

జనం ఎక్కువగా నష్టపోయేది దీనివల్లే. ఎవరో లాగ్స్‌లో (ఫైట్ రికార్డుల్లో) హీలింగ్ అంకెల పట్టిక తీసి, పైనున్న క్లాస్ బెస్ట్, కిందున్నది వేస్ట్ అని వీడియో చేస్తారు. అది చూసి వీళ్లు క్లాస్ మార్చేస్తారు. కవచం, నగలు నాలుగు హీలర్ క్లాసులకీ ఒకటే కాబట్టి వాటితో ఇబ్బంది లేదు, ఆయుధం మాత్రం వేరు. మంచి ఆయుధం చేతికి రావడానికి వారాలు పడుతుంది. ఈలోగా పాత ఆయుధంతో, అలవాటు లేని బటన్లతో ఆడి, "నేను హీలర్‌గా పనికిరానేమో" అని టెన్షన్ పడతారు.

ఒక చిన్న లెక్క చూడండి. మీ పార్టీలో ఒకరి హెచ్‌పీ (ప్రాణం) 100 అనుకుందాం. బాస్ అందరిమీదా కొట్టే దెబ్బ 130. మీరు ప్రపంచంలోకెల్లా గొప్ప వైట్ మేజ్ అయినా, ఆ మనిషి హెచ్‌పీని 100 దాటించలేరు. నిండుగా ఉన్నవాళ్లే చచ్చిపోతారు. ఇప్పుడు ట్యాంక్ (ముందు నిలబడి దెబ్బలు కాచేవాడు) బాస్ దెబ్బ తగ్గించే రిప్రైజల్ వేశాడు, 10 శాతం తగ్గి 117 అయింది. స్కాలర్ సేక్రెడ్ సాయిల్ పరిచాడు, మిగిలినదాంట్లో ఇంకో 10 శాతం పోయి 105 చిల్లర. ఇంకా చావే. దానిపైన 15 షీల్డ్ (హెచ్‌పీకన్నా ముందు దెబ్బ తినే పొర) ఉంటే 90 మాత్రమే తగులుతుంది, అందరూ పది చొప్పున మిగులుతారు. ఆ తర్వాతే హీలింగ్‌కి పని. వాన పడకముందే గొడుగు విప్పేవాడు ఒకడు, తడిసినవాళ్లని తుడిచేవాడు ఇంకొకడు. తువ్వాలు ఎంత పెద్దదైనా గొడుగు పని చేయదు.

అందుకే ఎనిమిదిమంది పార్టీలో ఇద్దరు హీలర్లుంటే, ఒకరు తువ్వాలు పట్టే వైట్ మేజ్ లేదా ఆస్ట్రాలజియన్, రెండోవారు గొడుగు పట్టే స్కాలర్ లేదా సేజ్ అయితే సుఖం. స్కాలర్, సేజ్ ఇద్దరూ కలిసి వస్తే వాళ్ల మామూలు షీల్డులు ఒకదానిమీద ఒకటి నిలబడవు, సగం శ్రమ వృథా. మొదటి రకం ఇద్దరూ కలిసినా ఆడొచ్చు. ఆస్ట్రాలజియన్‌కి హీల్‌తోపాటు షీల్డ్ ఇచ్చే న్యూట్రల్ సెక్ట్ ఉంది, వైట్ మేజ్‌కి దెబ్బ తగ్గించే టెంపరెన్స్ తర్వాత డివైన్ కరెస్ షీల్డ్ ఉంది. కానీ రెండూ రెండు నిమిషాలకోసారి వచ్చేవే, మధ్యలో పడే పెద్ద దెబ్బలకి ప్లాన్ గట్టిగా ఉండాలి. అసలు అడగాల్సింది "ఏ క్లాస్ బెస్ట్" కాదు, "నా పక్కన హీలర్ ఎవరు, ఏ దెబ్బకి ఎవరు ఏం వేస్తారు" అని.

డల్లాస్‌లో ఉద్యోగం చేసే, వైట్ మేజ్ ఆడే ఒక తమ్ముడు ఇలాగే వచ్చాడు. ఒకే దెబ్బ దగ్గర రోజూ వైప్ అవుతున్నారట (అందరూ చచ్చిపోతున్నారట), పార్టీ అంతా ఇతన్నే తిడుతోందట. పాపం, గొంతులో ఏడుపొక్కటే తక్కువ. వీడియో చూస్తే మొదటి నిమిషంలోనే విషయం తెలిసిపోయింది. ట్యాంకులిద్దరూ రిప్రైజల్ ఒకేసారి వేస్తున్నారు. అది రెండుసార్లు లెక్కకి రాదు, రెండోది గాలికే. ఇతనేమో బాస్ కాస్ట్ బార్ (దాడి రాబోతోందని చూపిస్తూ నిండే గీత) అయిపోయాక టెంపరెన్స్ నొక్కుతున్నాడు. ఈ ఆటలో చాలా దాడులకి కాస్ట్ బార్ నిండిన క్షణంలోనే లెక్క తేలిపోతుంది. తెరమీద అంకె కనబడేది ఆ తర్వాత. ఆ మధ్యలో మీరేం నొక్కినా ఆ దెబ్బ తగ్గదు. రెండో ట్యాంక్ రిప్రైజల్‌ని తర్వాతి దెబ్బకి జరిపించి, టెంపరెన్స్‌ని బార్ సగంలో ఉండగానే వేయమన్నాను. అక్కడితో ఆ చావులు ఆగాయి. అయినా అబ్బాయి తర్వాత సేజ్‌కే మారాడు. ఎందుకయ్యా అంటే, సేజ్ చుట్టూ తిరిగే ఆ నూలిత్‌లు (దాని ఆయుధాలు) చూడ్డానికి బాగున్నాయట. నన్నడిగితే క్లాస్ మార్చడానికి అంతకన్నా మంచి కారణం లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"హీలర్ దాడి చేయకూడదు." ఎవరు చెప్పారో కానీ తప్పు. సావేజ్ బాస్‌లకి ఎన్‌రేజ్ ఉంటుంది, టైం అయిపోతే అందరూ ఖతం. హీల్ అక్కర్లేని ప్రతి క్షణం గ్లేరో, బ్రాయిలో, మాలెఫిక్కో, డోసిసో (మీ క్లాస్ దాడి స్పెల్) వేస్తూనే ఉండాలి.

"సేజ్ దాడి చేస్తే చాలు, పార్టీ అదే నిలబడుతుంది." సేజ్ దాడి చేస్తుంటే దానంతటదే హీల్ చేసేది కార్డియా, అది హీల్ చేసేది ఒక్క మనిషినే.

"వైట్ మేజ్ నేర్చుకునేవాళ్లకే." బెనెడిక్షన్‌తో ఒక మనిషిని పూర్తిగా నింపగలదు. హీలింగ్‌కి ఖర్చయ్యే లిల్లీలు మూడు వాడాక వచ్చే మిజరీ అనే పెద్ద దాడి, ఆ హీల్స్ వేస్తూ పోగొట్టుకున్న దాడిని పూడుస్తుంది. తేలిగ్గా అర్థమవడం తక్కువతనం ఎందుకవుతుంది?

"ఆస్ట్రాలజియన్ అంతా లాటరీ." అది పాత మాట. 2024లో డాన్‌ట్రైల్ అనే ఎక్స్‌పాన్షన్ వచ్చాక, ఆ క్లాస్ వాడే కార్డుల్లో ఏది వస్తుందో ముందే తెలుసు.

"చచ్చినవాళ్లని లేపుకుంటూ పోతే గెలిచేస్తాం." ఒక్కసారి లేపడానికి మీ 10,000 ఎంపీలో (స్పెల్స్‌కి ఖర్చయ్యే శక్తి) 2,400 పోతుంది. లేచినవాడికి 100 సెకన్లపాటు ముఖ్యమైన స్టాట్ (దాడి, హీల్ బలాన్ని తేల్చే అంకె) 25 శాతం తక్కువ. ఇలా ముగ్గుర్ని లేపితే ఎన్‌రేజ్ దగ్గర తేడా కనబడుతుంది.

"ఇండియా నుంచి హీలర్ ఆడలేం." ఇందులో కొంత నిజం ఉంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. హైదరాబాద్ నుంచి జపాన్ సర్వర్లకైనా, 2022లో ఓషియానియా కోసం తెరిచిన మెటీరియా సర్వర్లకైనా పింగ్ (నొక్కింది సర్వర్‌కి చేరి తిరిగొచ్చే ఆలస్యం) ఎక్కువే. రెండు స్పెల్స్ మధ్య రెండు బటన్లు ఇరికించబోతే తర్వాతి స్పెల్ ఆలస్యమవుతుంది. ఆస్ట్రాలజియన్‌కి ఈ బాధ ఎక్కువ, రెండు నిమిషాలకోసారి పార్టీ అంతా గట్టిగా కొట్టే బర్స్ట్‌లో కార్డులు కూడా వేయాలి కాబట్టి. స్కాలర్‌కి రూయిన్ 2 అనే దాడి స్పెల్ వెంటనే పడుతుంది, ఆ సందులో పని కానివ్వొచ్చు, కాకపోతే దాడి కొంచెం తగ్గుతుంది. వైట్ మేజ్‌కి ఇరికించాల్సినవే తక్కువ. పింగ్ బాగా ఎక్కువైతే ఒక్కో స్పెల్ తర్వాత ఒక్కటే నొక్కండి, మిటిగేషన్ (దెబ్బ తగ్గించేవి) మాత్రం ఒక స్పెల్ ముందుగానే వేసేయండి. పింగ్‌కన్నా నాకు పెద్ద ఇబ్బంది టైమింగ్. జపాన్‌లో రాత్రి తొమ్మిదికి రెయిడ్ అంటే మనకి సాయంత్రం ఐదున్నర, సరిగ్గా మేనేజర్ మీటింగ్ పెట్టే వేళ. పార్టీలో చేరేముందు మీ క్లాస్ కన్నా ఆ మాట ముందు చెప్పండి.