వాతావరణ న్యాయం: మన ఊళ్లలో వినిపించే అపోహలు - వాస్తవాలు

కోవూరు, ఇందుకూరుపేట, కొత్తపట్నం వైపు ఊళ్లలో రైతులతో, మత్స్యకారులతో వాతావరణ మార్పుల గురించి మాట్లాడటం నా పని. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో ఎక్కువ భాగం పడేది అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు కూడా దాదాపు ఏటా నవంబరులోనే జరుగుతుంది. అందుకే మడిలో నీళ్లు నిలిచిన రోజే, వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి గొప్ప దేశాలు పేద దేశాలకు ఇవ్వాల్సిన లక్షల కోట్ల డాలర్ల వార్త పేపర్లో కనిపిస్తుంది. దాని మీద జనం అడిగే ప్రశ్నల్లో కొన్ని ఇవి.

అపోహ: కార్బన్ వదలడంలో మనది ప్రపంచంలో మూడో స్థానం. ఇంకొకరిని డబ్బు అడిగే హక్కు మనకెక్కడిది?

మూడో స్థానం నిజమే. కానీ ఆ లెక్క 140 కోట్ల మందికి పైగా జనానిది. తలసరిన చూస్తే మనది ఏడాదికి సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్, అమెరికాది సుమారు 14 టన్నులు. పైగా ఈ వాయువు వదిలిన ఏడాదే పోదు, వందల ఏళ్లు గాలిలో ఉండిపోతుంది. కాబట్టి భూమి వేడెక్కింది ఈ ఒక్క ఏడాది పొగతో కాదు, 1850ల నుంచి పేరుకున్న పొగతో. ఆ మొత్తంలో దాదాపు పావు వంతు అమెరికా ఒక్కదానిదే. మనది నూటికి మూడు, నాలుగు వంతులు.

ఇది మన వాదన మాత్రమే కాదు. బాధ్యత అందరిదీ, అయితే అందరిదీ ఒకే స్థాయిలో కాదు అన్న సూత్రం 1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందంలోనే ఉంది. రియో సదస్సులో దాని మీద అమెరికా, యూరప్ దేశాలు కూడా సంతకాలు పెట్టాయి. ఆ మాట నిలబెట్టుకోమని అడగడాన్ని బిచ్చమెత్తడం అని మనవాళ్లే అంటుంటే నాకు బాధేస్తుంది.

అలాగని మనం చేతులు కట్టుకుని కూర్చోవచ్చని కాదు. 2070 నాటికి నెట్ జీరో, అంటే వదిలినంత కార్బన్‌ను తిరిగి పీల్చుకునే స్థితికి చేరతామని మన దేశం మాటిచ్చింది. కరెంటు స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కాని వనరులదే కావాలన్న 2030 లక్ష్యాన్ని 2025లోనే అందుకుంది. కానీ సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. తీగల్లో పారే కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గుదే. బొగ్గు కరెంటు ప్లాంట్లున్న ముత్తుకూరు మండలంలో ఉండేవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

అపోహ: వచ్చిన ప్రతి వరదా వాతావరణ మార్పు వల్లే.

నవంబరు వాన మనకు కొత్త కాదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది కాబట్టి కురిసినప్పుడు కుండపోతగా కురిసే అవకాశం పెరుగుతోంది. అంతవరకు చెప్పగలం. 2021 నవంబరులో పైన, పెన్నాలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. వాన పెద్దదే, కానీ కట్టల నిర్వహణ, పూడిన కాలువలు, ఆక్రమణలు మన చేతిలో ఉన్నవి. వాటిని కూడా వాతావరణం మీదకు నెట్టేస్తే తప్పించుకునేది మన అధికారులే.

అపోహ: గొప్ప దేశాలు ఇస్తామన్న డబ్బు ఇచ్చేశాయి.

2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హాగన్‌లో చెప్పారు. ఆ గొప్ప దేశాల కూటమి ఓఈసీడీ లెక్క ప్రకారమే ఆ అంకె దాటింది 2022లో. అందులో ప్రభుత్వాల ద్వారా వచ్చిన సొమ్ములో మూడింట రెండొంతులు అప్పే. సోలార్ ప్లాంటుకి అప్పిస్తే వడ్డీ వస్తుంది. తుపాను షెల్టర్ కట్టినా, ఉప్పునీరు ఎక్కకుండా కరకట్ట లేపినా వచ్చే ఆదాయం ఏమీ ఉండదు. అందుకే తట్టుకుని నిలబడటానికి కావాల్సిన పనులకు డబ్బు ఎప్పుడూ తక్కువే దొరుకుతుంది. 2024లో బాకు వాతావరణ సదస్సులో వర్ధమాన దేశాలు ఏటా 1,30,000 కోట్ల డాలర్లు అడిగితే, 2035 నాటికి ఏటా 30,000 కోట్లు అని తేల్చారు. మన ప్రతినిధి అక్కడే లేచి అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం న్యాయమైనదనే నా అభిప్రాయం.

అపోహ: యూరప్ కార్బన్ పన్ను మన రొయ్యల మీద పడుతుంది.

ఇది యూరప్‌కి వెళ్లే సరుకు తయారీలో వెలువడిన కార్బన్‌ను బట్టి వేసే పన్ను. ఇప్పటి జాబితాలో రొయ్యలు లేవు. ఉన్నవి ఇనుము-ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు. ఈ పేరు చెప్పి ఎవరైనా రేటు తగ్గిస్తే నమ్మకండి.

అపోహ: లాస్ అండ్ డ్యామేజ్ ఫండ్ వచ్చేసింది, పొలం మునిగితే మన అకౌంట్లో డబ్బు పడుతుంది.

అందరికంటే ఎక్కువ ఆశ పెట్టుకునేది దీని మీదే. వాతావరణ మార్పు వల్ల జరిగిన నష్టాలకు పెట్టిన ఈ నిధికి 2022లో ఈజిప్టు సదస్సులో ఒప్పుకున్నారు, మరుసటి ఏడాది దుబాయ్‌లో మొదలుపెట్టారు. ప్రపంచం మొత్తానికి హామీలు 70 కోట్ల డాలర్లు దాటాయంతే. తొలి విడతకు 25 కోట్ల డాలర్లు పెట్టి, అందులో కనీసం సగం చిన్న ద్వీప దేశాలకు, బాగా వెనకబడిన దేశాలకు కేటాయించారు. మన దేశం ఆ రెండింటిలోనూ లేదు. ప్రాజెక్టుల రూపంలో దేశాలకు ఇచ్చే డబ్బు ఇది, రైతు అకౌంటుకి నేరుగా రాదు. 2025 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం, బాధ్యత తప్పిన దేశాలు పరిహారం కట్టాల్సి రావచ్చని చెప్పింది. అది సలహా రూపంలోని అభిప్రాయం, అయినా వాదనకు చాలా బలం.

మరి మునిగినవాళ్లకి దిక్కేంటి? ప్రస్తుతానికి ముఖ్యంగా రాష్ట్ర విపత్తు నిధి నుంచి వచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ, అంటే పంట పెట్టుబడి నష్టానికి ఇచ్చే సాయం. పంట 33 శాతం, ఆపైన పోతేనే అది. నన్ను బాగా కలవరపెట్టేది ఇక్కడే ఉంది. ఒక కౌలు రైతు నన్ను అడిగాడు: "సారూ, పాస్‌బుక్కు ఆయనది, అప్పు నాది, మునిగిన పంట నాది. డబ్బు ఎవరికి వస్తాది?" కౌలు రైతుల కోసం తెచ్చిన 2019 రాష్ట్ర చట్టం ప్రకారం సాగు హక్కు కార్డు కావాలంటే భూ యజమాని సంతకం పెట్టాలి. చాలామంది పెట్టరు. కార్డు లేకపోతే ప్రభుత్వ పంట నమోదు ఈ-క్రాప్‌లో పేరు ఎక్కడం కష్టం, పేరు లేకపోతే నష్టం జాబితాలో ఆ మనిషి ఉండడు. కూలికి పోలేని రోజులు, కొట్టుకుపోయిన నారు, ఉప్పెక్కిన బోరు అసలు ఏ కాలమ్‌లోనూ ఉండవు. ప్రపంచ వేదిక మీద న్యాయం అడిగే దేశం తన కౌలు రైతుని లెక్కలోకి తీసుకోవాలి. ఢిల్లీ అయినా అమరావతి అయినా దీన్నుంచి తప్పించుకోకూడదు.

కాబట్టి ఈ సీజన్ మొదలయ్యేలోపు ఈ-క్రాప్‌లో మీ పేరు, సర్వే నంబరు సరిచూసుకోండి. మునిగిన పొలంలో నీళ్లు తీయకముందే తేదీ, లొకేషన్ పడేలా ఫోటోలు తీయండి. బోరు నీళ్లు ఉప్పగా మారినా, వల పోయినా ఒక కాగితం మీద రాసి పంచాయతీలో ఇవ్వండి. రైతు సేవా కేంద్రంలో నష్టం జాబితా అంటించినప్పుడు మీ పేరు లేకపోతే, అభ్యంతరం నోటితో చెప్పి ఊరుకోకుండా రాసిచ్చి రసీదు తీసుకోండి.