కత్తి బరువు ఎక్కడ ఉంది?

పర్లాకిమిడి సంతలో పెద్ద కత్తి కొనబోతే ముసలి కమ్మరి ముందుగా అడిగేది పొడవు కాదు. "ఏం కొట్టడానికి బాబూ?" అంటాడు. కొబ్బరి బొండాలకా, వెదురుకా, జీడితోటలో తుప్పలకా, పొయ్యిలోకి కట్టెలకా? సమాధానం విన్నాక గోనెపట్టా మీద పరిచిన వాటిలోంచి ఒకటి ఏరి చేతిలో పెడతాడు. చిన్నప్పుడు అది బేరం మొదలుపెట్టే పద్ధతి అనుకునేవాణ్ణి. ఆ ప్రశ్నలో ఎంత భౌతికశాస్త్రం ఉందో తిత్లీ తుఫాను మర్నాడు నా మణికట్టుకు తెలిసింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. గజపతి జిల్లాలో కూలిన చెట్లకు లెక్క లేదు. మా వీధికి అడ్డంగా రెండు మునగచెట్లు, వాటి మీద ఒక మామిడి, దానిని అల్లుకున్న తీగలు. కరెంటు లేదు. ఇళ్లలోంచి మూడు రకాల కత్తులు బయటికి వచ్చాయి. ఒకటి మా నాన్న వాడిన మచ్చుకత్తి. పిడితో కలిపి మూరెడు కూడా ఉండదు, కొస వైపు వెడల్పు. రెండోది మామయ్య జీడితోటకు తెప్పించుకున్న మషెటీ. అలుగు ఒక్కటే 18 అంగుళాలు, మందం 2 మిల్లీమీటర్లు. మూడోది పక్కింట్లో ఉండే మాజీ సైనికుడి ఖుక్రీ. ముందుకు వంగి, వీపు దగ్గర దాదాపు సెంటీమీటరు మందం ఉంటుంది. అలసిపోయినప్పుడల్లా ఒకరి కత్తి ఒకరం మార్చుకుంటూ సాయంత్రం దాకా కొట్టాం. కత్తుల్ని పోల్చి చూడడానికి అంతకన్నా మంచి పరీక్ష నాకు మళ్లీ దొరకలేదు.

తీగలూ గడ్డీ ఉన్నచోట మషెటీకి తిరుగు లేదు. ఖుక్రీ అక్కడ ఎందుకూ పనికిరాలేదు. గడ్డి దాని ముందు తలవంచి, అది దాటగానే మళ్లీ లేచి నిలబడేది. కారణం తేలికైనదే. గడ్డిపోచకు వెనక ఆసరా లేదు. దానిని ఉన్నచోట నిలిపి ఉంచేది చాలావరకు దాని జడత్వమే. పక్కకు ఒరిగే వ్యవధి దానికి దొరక్కముందే అంచు దాటిపోవాలి. అందుకు వేగం కావాలి. చెయ్యి ఒకే తీరున తిరిగినా పొడవైన కత్తి కొస ఎక్కువ వేగంతో కదులుతుంది, పలచగా ఉంటే రోజంతా ఊపినా భుజం ఓర్చుకుంటుంది. లాటిన్ అమెరికా చెరకు తోటల్లో పొడవైన పలచని మషెటీ స్థిరపడడానికీ, చెట్టూ చేమా గట్టిగా ఉండే మలయా అడవుల్లో మందమైన పరాంగ్ స్థిరపడడానికీ ఇదే మూలం. మహేంద్రగిరి వాలుల్లో పోడు చేసే సవరలు చెట్టుకు గొడ్డలి, తుప్పకు కత్తి అని రెండు పనిముట్లు ఉంచుకోవడంలోనూ ఇదే తెలివి ఉంది.

మామిడి కొమ్మ దగ్గర కథ తిరగబడింది. కొమ్మ ఎక్కడికీ ఒరగదు, కాబట్టి అక్కడ వేగం ఒక్కటే చాలదు. లెక్క వేసి చూడండి. అరకిలో బరువు సెకనుకు 10 మీటర్ల వేగంతో వస్తే దాని గతిశక్తి 25 జౌళ్లు. 800 గ్రాముల బరువు సెకనుకు 8 మీటర్ల వేగంతో వస్తే 25.6 జౌళ్లు. రెండూ దాదాపు సమానమే. అయినా ఖుక్రీ మామిడిలోకి రెండు వేళ్ల లోతు దిగింది, మషెటీ గణగణమని మోగి నా మణికట్టును జివ్వుమనిపించింది. తేడా అంతా ఆ శక్తి ఎటు పోయిందన్న దానిలో ఉంది. పలచని పొడుగు రేకు దెబ్బ తగలగానే వంగుతుంది, కంపిస్తుంది. శక్తిలో కొంత మోతగా, కొంత చేతికి తగిలే అదురుగా పోతుంది. పైగా దాని బరువు పొడవంతా పరుచుకుని ఉంటుంది కాబట్టి దెబ్బ పడే చోట వెనక నిలిచేది కొంతే. ఖుక్రీలో బరువు దెబ్బ పడే చోటనే పోగై ఉంది.

ఇక అంచు కోణం. పలచని అంచు లోతుగా దిగుతుంది, కానీ పచ్చి కర్ర దానిని రెండు వైపులా పట్టేస్తుంది. ఊడబెరకడానికి కొట్టినంత శ్రమ పడాలి. చేప పొట్టలా కొద్దిగా ఉబ్బిన అంచు అంత లోతుకు పోదు గాని, దిగినంతమేర చెక్కను పక్కకు నెట్టి బయటికి వచ్చేస్తుంది. ఏ కత్తితోనైనా కొమ్మకు అడ్డంగా నిట్టనిలువునా కొట్టడం వృథా. పోగులన్నీ ఒక్కసారిగా తెగాలి. అటు ఏటవాలుగా ఒకటి, ఇటు ఏటవాలుగా ఒకటి వేస్తే మధ్య చెక్క పేడుగా ఎగిరిపోతుంది. వెదురుకూ ఏటవాలు దెబ్బే మేలు. అది చెట్టు కాదు, గడ్డి జాతి. పోగులు పైపొరలోనే దట్టంగా ఉంటాయి, ఆ పొరలోని సిలికా అంచును త్వరగా మొద్దుబారుస్తుంది. వెదురు కొట్టేవాళ్లు సానరాయి దగ్గర పెట్టుకునేది అందుకే.

అంచు ఎంత గట్టిగా ఉంటే కత్తి అంత మంచిదన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. పెద్ద కత్తి విషయంలో అది పొరపాటు. మా కమ్మరి వాడేది పాత లారీల కమాను పట్టీలు. ఏళ్ల తరబడి గతుకుల రోడ్ల మీద వంగుతూ లేస్తూ విరగకుండా ఉండాలని తయారుచేసిన ఉక్కు అది. కర్బనం సుమారు 0.6 శాతం. దానిని కొలిమిలో ఎర్రగా కాలుస్తారు. 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఇంకాస్త కాల్చి నూనెలోనో నీళ్లలోనో ముంచితే మార్టెన్‌సైట్ అనే గట్టి అమరిక ఏర్పడుతుంది. ఆ స్థితిలో కత్తి గాజులాంటిది. ముడి మీద ఒక్క దెబ్బ పడితే అంచు పెచ్చులూడుతుంది. అందుకే మళ్లీ సన్నని సెగ చూపిస్తారు. మెరిపించిన ఉక్కు మీద రంగులు పాకుతాయి: 230 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం. అవి ఉక్కు మీద ఏర్పడే సన్నని ఆక్సైడు పొర రంగులు. పదును నిలవడమే ముఖ్యమైన కత్తిని గడ్డి రంగు దగ్గర ఆపవచ్చు. కొట్టే కత్తిని ఊదా, నీలం దాకా పోనిస్తారు. కాఠిన్యం కొంత వదులుకుని సాగుడుగుణం సంపాదించడమన్నమాట. నేపాల్‌లో ఖుక్రీ చేసేవాళ్లు ఎర్రగా కాలిన అలుగు అంచు మీద మాత్రమే కెటిల్‌తో నీళ్లు పోస్తారు. అంచు గట్టిపడుతుంది, వీపు మెత్తగా మిగులుతుంది. ఆ చేతివాటం చూస్తుంటే నాకు కళ్లు తిప్పుకోబుద్ధి కాదు.

మన ఉక్కు ప్రస్తావన కూడా ఇక్కడ రావాలి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం మూసల్లో కరిగించిన ఉక్కు ప్రపంచమంతటికీ పేరు తెచ్చింది. దానిలో కర్బనం సుమారు 1.5 శాతం. కోసే ఖడ్గానికి అది దివ్యమైన లోహం. దానితో మామిడి ముడిని నరకమంటే నేను ఒప్పుకోను.

మెత్తదనంలో ఇంకో లాభం ఉంది. కొట్టే కత్తిని ఆకురాయితో పదును పెట్టుకోవచ్చు. తోట మధ్యలో పదిసార్లు రుద్దితే చాలు. మరీ గట్టి అంచు మీద ఆకురాయి జారిపోతుంది. పిడి గురించి ఒకటే చెప్తాను: వదులైన పిడితో ఒక్క దెబ్బ కూడా వేయకండి. కత్తి ఊపు ఆగకుండా సాగితే ఎక్కడికి చేరుతుందో ఆ దారిలో మీ మోకాలు గాని పక్కమనిషి గాని ఉండకూడదు.

ఇప్పుడు మణికట్టు దగ్గరికి వస్తాను. ఏ కత్తికైనా ఒక చోటు ఉంటుంది. దెబ్బ అక్కడ పడితే పిడి చేతిలో అదరదు. దానిని ఆఘాత కేంద్రం అంటారు. పొడవంతా ఒకే బరువున్న కర్రను ఒక చివర పట్టుకుంటే ఆ చోటు మూడింట రెండు వంతుల దూరంలో ఉంటుంది. కత్తికి అలా చెప్పలేం, బరువు పంపకాన్ని బట్టి మారుతుంది. కాని దానిని ఇంట్లోనే కనిపెట్టవచ్చు. గడియారపు లోలకాల మీద పనిచేసిన హైగెన్స్ 1673లో అచ్చు వేసిన గ్రంథంలో దీనికి కావలసిన సూత్రం ఉంది: వేలాడదీసిన వస్తువు ఏ పొడవున్న దారపు లోలకంతో సమానంగా ఊగుతుందో, ఆ పొడవే ఆధారం నుంచి ఆ కేంద్రానికి దూరం.

పిడి చివరి చిల్లులో మేకు దూర్చి, కత్తిని అంచు దిశలో కొద్దిగా ఊగనివ్వండి. పక్కన మరో మేకుకు దారంతో చిన్న రాయి కట్టి, రెండూ కలిసి ఊగేదాకా దారం పొడవు సవరించండి. మేకు నుంచి రాయి మధ్యదాకా కొలిచి, అంతే దూరం కత్తి మీద గుర్తు పెట్టండి. దారం లేకపోతే గడియారం చాలు: ఒక పూర్తి ఊపుకు పట్టే సెకన్లను వాటితోనే హెచ్చించి 25తో గుణిస్తే సెంటీమీటర్లు వస్తాయి.

మా మచ్చుకత్తి పది ఊపులకు 11 సెకన్లు తీసుకుంది. అంటే 30 సెంటీమీటర్లు. కత్తి మొత్తం పొడవు 40. మూడింట రెండు వంతులంటే 27 దగ్గర ఉండాలి. కొస వైపు వెడల్పు చేసి కమ్మరి ఆ చోటును ముందుకు జరిపాడు. సుద్దముక్కతో అక్కడ గీత గీసి, కత్తిని వెలుతురుకు పట్టి చూశాను. ఏళ్ల తరబడి నాన్న కొట్టి, సాన పట్టి, మళ్లీ కొట్టడంతో అంచు లోపలికి అరిగి ఒంపు తిరిగిన చోటు ఆ గీతకు వేలెడు దూరం కూడా లేదు.