మలేరియా, డెంగీ లెక్కలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: కేసులు పెరిగాయంటే రోగం పెరిగినట్టే.

ముందు ఎన్ని రక్తపూతలు (పరీక్షకు గాజు పలకపై పూసే రక్తం) తీశారో చూడండి. మలేరియా పట్టికలో మూడు అంకెలుంటాయి. ఏడాదిలో వెయ్యి జనాభాకు వచ్చిన పాజిటివ్‌లు ఏపీఐ. జనాభాలో నూటికి ఎన్ని పరీక్షలు చేశారన్నది ఏబీఈఆర్. చేసిన పరీక్షల్లో నూటికి ఎన్ని పాజిటివ్ అన్నది ఎస్‌పీఆర్.

40,000 జనాభా ఉన్న మండలం అనుకుందాం. మొదటి ఏడాది 2,000 పరీక్షలు, 60 కేసులు: ఏబీఈఆర్ 5, ఏపీఐ 1.5, ఎస్‌పీఆర్ 3. మరుసటి ఏడు 4,000 పరీక్షలు, 80 కేసులు: ఏపీఐ 2కి ఎక్కింది, ఎస్‌పీఆర్ 2కి దిగింది. పేపర్లో ‘పంజా విసురుతున్న మలేరియా’ అని వస్తుంది. కానీ రెట్టింపైంది పరీక్షలు. అలాగని ఎస్‌పీఆర్ దిగిందని సంబరపడొద్దు. జ్వరం లేనివాళ్లకూ సర్వేలో పరీక్షలు చేస్తే అది పలచబడుతుంది. వానాకాలం నడుమ కిట్లు నిండుకున్న చోట ఏపీఐ కూడా ముచ్చటగా తగ్గుతుంది! ఏబీఈఆర్ 10కి బాగా తక్కువుంటే ఏపీఐని నమ్మకపోవడమే మంచిది.

అపోహ: ప్రైవేటులో డెంగీ వందల్లో, సర్కారు లెక్కలో పదుల్లో. అంటే దాచేస్తున్నారు.

దాచడం సంగతి తర్వాత, ముందు నిర్వచనం చూడాలి. అప్పటికప్పుడు ఫలితం చెప్పే ర్యాపిడ్ కార్డులో పాజిటివ్‌గా రెండు గీతలు పడితే అధికారిక లెక్కలో అది నిర్ధారణ కాదు. ల్యాబ్‌లో చేసే ఎలీసా రక్తపరీక్ష కావాలి: జ్వరం మొదలైన అయిదు రోజుల్లోపు ఎన్ఎస్1 (వైరస్ ప్రొటీన్) కోసం, ఆ తర్వాత ఐజీఎం (ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ) కోసం. కార్డు పాజిటివ్ వచ్చిన నమూనా ఎలీసా ల్యాబ్‌కు చేరకపోతే ఆ కేసు పట్టికకెక్కదు. ప్లేట్‌లెట్లు పడిపోవడం అసలు లెక్కలోకే రాదు.

ఇంకో పొరపాటు కూడికలో జరుగుతుంది. నిఘా వ్యవస్థలో ఏఎన్ఎం లక్షణాలు చూసి ఎస్ ఫారం, డాక్టరు పి ఫారం, ల్యాబ్ ఎల్ ఫారం నింపుతారు. ఒకే రోగి మూడింట్లోనూ ఉండొచ్చు. మూడూ కూడితే ఒక జ్వరం మూడవుతుంది.

అపోహ: జిల్లా అంకె మా ఊరికీ వర్తిస్తుంది.

పాత విశాఖ జిల్లాలో నగరమూ ఉంది, పాడేరు మన్యమూ ఉంది. రెంటి సగటు ఎవరిదీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో అల్లూరి సీతారామరాజు జిల్లా పేరే కనబడదు. ఆ సర్వేలో కుండలీకరణాల్లో ఉన్న శాతం 25 నుంచి 49 మంది జవాబులే ఆధారంగా వచ్చింది. దాన్ని పట్టుకుని పోలికలు పెట్టకండి. నక్షత్రం గుర్తు (*) ఉంటే 25 మంది కూడా లేరన్నమాట.

మండలం లెక్క కావాలంటే జిల్లా మలేరియా అధికారి కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. నెలవారీగా అడగండి: పరీక్షలెన్ని, పాజిటివ్‌లెన్ని, వైవాక్స్, ఫాల్సిపారం (మలేరియాలో రెండు రకాలు) విడివిడిగా, ఏ ఏడాది జనాభాతో భాగించారు. రోగుల పేర్లు అడగొద్దు, ఇవ్వరు.