సిగ్నల్ నిండా ఉంది, క్లాసు మాత్రం ఆగింది

మిర్యాలగూడ

సిరి బిడ్డా, చిన్నూ,

మొన్న ఫోన్లో మీరడిగిన మాట రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. "తాతా, వైఫై గీతలు నిండుగా ఉన్నయి, అయినా క్లాసులో సారు బొమ్మ కదలకుండా నిలబడిపోతది. ఎందుకు?" అన్నారు. మీ నాన్న పక్కనుంచి "రౌటర్ ఒకసారి ఆపి మళ్లీ వెయ్యండి" అని అరిచాడు. ఆ మంత్రం ఒక్కోసారి పారుతుంది. ఎందుకు పారిందో మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ గీతలు చెప్పేది ఒక్క సంగతే. మీ ఫోనుకూ గోడమీది డబ్బాకూ మధ్య గాలిలో మాట ఎంత బాగా వినబడుతోందో చెబుతాయి, అంతే. డబ్బా వెనకాల వైరుంది, వైరు చివర స్విచ్చి (కరెంటుది కాదు, నెట్ వైర్లన్నిటినీ కలిపే పెట్టె) ఉంది, ఆపైన వీధిలో ఫైబరుంది. వాటి బాగోగులు గీతలకు తెలియవు. మీ క్లాసు గాలిలో నడిచేది పది ఇరవై అడుగులు, మిగతా దారి దాదాపు అంతా వైరే. సెల్ టవరు ఎక్కిన మాట కూడా ఎక్కడో ఒకచోట ఫైబరులోకి దిగాల్సిందే. మన తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపులకు తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ అనే సర్కారు ఇంటర్నెట్ పథకం గొట్టాలు కూడా వేశారు. నల్లా నీళ్లూ వీడియో పాఠాలూ ఒకే మట్టి కింద పక్కపక్కన నడుస్తున్నాయన్నమాట. నాకిది తలుచుకున్నప్పుడల్లా సరదాగా ఉంటుంది.

కాలువ సంగతి మీకు తెలుసు కదా. సాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలారు. అప్పటినుంచీ మన ఎడమ కాలువ కింద ఒకటే గోస: తల దగ్గర కాలువ నిండా పారుతుంటుంది, చివరి మడి ఎండుతుంటుంది. పెద్ద కాలువ చూసేవాళ్లు "మేం నీళ్లు వదిలాం" అంటారు, పిల్లకాలువ చూసేవాళ్లు "మాదాకా రాలేదు" అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పరు. మధ్యలో గండి పడ్డచోట ఎవరూ నిలబడలేదు, అంతే.

ఇదే నేను నెట్‌వర్కులో కళ్లారా చూశాను. టెలిఫోన్ల పనిలో రిటైరయ్యాక, ఊరికే కూచోలేక, ఒక కాలేజీలో వైర్లు చూసే పనికి ఒప్పుకున్నాను. కాలేజీ పేరెందుకులే. వైర్లూ స్విచ్చిలూ ఒక కాంట్రాక్టరువి, వైఫై ఇంకొకాయనది. పైఅంతస్తు ల్యాబులో రోజూ పదిన్నరకు అందరి టెస్టూ ఆగిపోయేది. పిల్లలకు టెన్షన్, మేడంకు ఇంకా టెన్షన్. వైఫై ఆయన స్క్రీన్ చూపించాడు: అంతా పచ్చ, సిగ్నల్ నిండా. స్విచ్చిల ఆయన తన స్క్రీన్ చూపించాడు: పోర్టు (వైరు గుచ్చే రంధ్రం) నడుస్తోంది, అదీ పచ్చే. మూడు వారాలు ఇదే తగువు.

చివరికి సీలింగు పలక ఎత్తి చూస్తే, స్విచ్చి నుంచి ల్యాబు వైఫై డబ్బాకు పోయే వైరును ఎలుక కొరికింది. ఆ వైరులో ఎనిమిది తీగలుంటాయి, రెండేసి చొప్పున మెలేసిన నాలుగు జతలు. సెకనుకు 1000 మెగాబిట్ల వేగానికి నాలుగు జతలూ కావాలి. 100కైతే రెండు చాలు. ఒక జత తెగగానే స్విచ్చి గోల చెయ్యకుండా 100కి దిగిపోయి పని సాగించింది. డబ్బాకు కరెంటు కూడా అదే వైరులో వస్తుంది, కరెంటు మోసే జతలు బాగానే ఉన్నాయి కాబట్టి లైటూ వెలిగింది. పొద్దున నలుగురున్నప్పుడు 100 సరిపోయేది. పదిన్నరకు క్లాసంతా ఒక్కసారి వీడియో తెరిస్తే ఎక్కడ సరిపోతుంది?

"ఈ డబ్బా మీద ఇంతమంది ఉన్నారు" అన్నది ఒక స్క్రీన్ మీద, "దీని వైరు 100కి పడిపోయింది" అన్నది ఇంకో స్క్రీన్ మీద ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూసే కన్ను ఒక్కటీ లేదు. వైరునూ గాలినీ ఒకేచోటి నుంచి చూడాలని ఇంజనీర్లు పట్టుబట్టేది ఇందుకే.

రెండూ వేరువేరుగా పెరగడానికి కారణముంది. వైరులో ఇప్పుడు ఎవరి దారి వాళ్లది, పోను ఒకటి, రాను ఒకటి. గాలి అలా కాదు, ఒక ఛానెల్లో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. అందులోనూ వైఫై వాడే గాలి బాటల్లో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డు తగలని ఛానెళ్లు మూడే, 1, 6, 11. మీ అపార్ట్‌మెంటులో ఇంటికొక డబ్బా, లెక్క మీరే వేసుకోండి. తమాషా ఏమిటంటే ఈ రెండూ ఒక ఇంటి బిడ్డలే. హవాయి దీవుల్లో 1971లో రేడియోతో కంప్యూటర్లను కలిపారు, దాని పేరు అలోహానెట్. ఒకే దారిని అందరూ పంచుకునే ఆ ఆలోచన పట్టుకునే 1973లో అమెరికాలో బాబ్ మెట్‌కాఫ్ వైర్ల మీద కంప్యూటర్లను కలిపే ఈథర్నెట్ తెచ్చాడు. గాలిలో పుట్టిన ఉపాయం వైరెక్కింది, 1997లో వైఫై ప్రమాణంగా మళ్లీ గాలిలోకి వచ్చింది.

ఇక అసలు కిటుకు. ఫోన్ మాటకు పెద్ద దారి అక్కర్లేదు, సెకనుకు వంద కిలోబిట్లైనా చాలు. కానీ ఆగకూడదు. ఇటునుంచి అటు చేరడానికి సెకనులో ఆరోవంతు దాటితే ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడతారు. సినిమా డౌన్‌లోడు రెండు నిమిషాలు ఆలస్యమైతే కొంప మునగదు. నెట్‌లో ఏదైనా చిన్న చిన్న పొట్లాలుగానే పోతుంది. అందుకే వైరు మీద ఒక్కో పొట్లానికి "దీన్ని ముందు పంపు" అని చీటీ అంటిస్తారు, అందులో ఎనిమిది మెట్లుంటాయి. వైఫైలో మాత్రం వరుసలు నాలుగే: మాట, వీడియో, మామూలుది, తీరిగ్గా పోయేది. ఎనిమిదిని నాలుగులో ఎలా సర్దాలో రెండువైపులా ఒకే మాట మీద లేకపోతే, వైరులో పెళ్లికొడుకులా వచ్చిన ఫోన్‌కాల్ డబ్బా దగ్గర దిగి సినిమా వెనకాల నిలబడుతుంది. లాప్‌టాప్‌కు వైరు పెడితే ఒక హక్కు, పీకి వైఫైకి మారగానే ఇంకో హక్కు రావడం కూడా ఇలాంటి గందరగోళమే. మనిషి మారలేదు కదా!

ఒకే కన్ను ఉంటే సర్దుబాటూ కుదురుతుంది. ఒక డబ్బా మీద జనం ఎక్కువైతే కొందర్ని పక్క డబ్బాకో 5 గిగాహెర్ట్జ్ అనే ఇంకో గాలి బాటకో మళ్లించడం, వైరు ఇరుకైతే డౌన్‌లోడ్లను కాసేపు బిగపట్టి క్లాసును ముందు వదలడం, ఇవన్నీ ఇప్పుడు యంత్రమే చేస్తుంది. అయితే ఎవరిది ముందు అన్నది యంత్రం తేల్చేది కాదని నా గట్టి నమ్మకం. మా చిన్నప్పుడు చెరువు తూము తిప్పేది నీరటికాడే, కానీ ఏ మడికి ఎప్పుడన్న వంతు ఊరు కూచుని తేల్చేది. మీ ఇంట్లో అమ్మ ఆఫీసు మీటింగు ముందా, చిన్నూ ఆట ముందా అన్నది మీరు తేల్చుకోవాలి. చిన్నూ, నీ జవాబు నాకు తెలుసు.

ఈసారి మాత్రం రౌటరు ఆపకముందు ఒక పని చెయ్యండి. లాప్‌టాప్‌ను వైరుతో రౌటరుకే తగిలించి అదే క్లాసు తెరవండి. అప్పుడూ ఆగితే తప్పు బయటి నుంచి వచ్చే లైనుది కావచ్చు. బాగా నడిస్తే గాలిలోనే చూడాలి. ఏమైందో నాకు ఫోన్ చేసి చెప్పండి.

ఎలుక కొరికిన ఆ వైరు ముక్క పడేయలేదు, నా ఇనప్పెట్టెలో కట్టింగ్ ప్లేయరు పక్కనే ఉంది. బతుకమ్మకు వచ్చినప్పుడు చూద్దురు. నాయనమ్మ దాన్ని రెండుసార్లు చెత్తలో పారేసింది, రెండుసార్లూ ఏరుకొచ్చుకున్నాను.

మీ తాత