ఇంట్లో తెలుగు ఆపేయకండి: స్పీచ్ థెరపీ అపోహలు - వాస్తవాలు

"మేడమ్, స్కూల్లో చెప్పారని ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడుతున్నాం, రెండు భాషలైతే వీడు కన్‌ఫ్యూజ్ అవుతాడట కదా?" ఆటిజం, డౌన్ సిండ్రోమ్ పిల్లల తల్లిదండ్రులు నన్ను పదేపదే అడిగేది ఇదే.

అవ్వడు. ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో కూడా రెండు భాషలు వినడం వల్ల మాట వెనకబడినట్టు తేలలేదు. అమ్మానాన్నలు తమకు సరిగ్గా రాని భాషలో ముక్కలు ముక్కలుగా మాట్లాడితేనే నష్టం. డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక బాబు వాళ్లమ్మ, పాపం, "కమ్, సిట్, ఈట్, నో" తప్ప ఇంకేం అనేవారు కాదు, ఇంగ్లీష్ రాని నానమ్మ అయితే మనవడితో మాట్లాడటమే మానేశారు. కబుర్లు లేవు, కథ లేదు, వాడికి మాట ఎక్కడి నుంచి వస్తుంది? వంటింట్లో వాణ్ణి పక్కన నిలబెట్టుకుని మామూలుగా తెలుగులో మాట్లాడమన్నాను. రోజూ "పాలు పొంగాయి" అంటూ, అలవాటయ్యాక "పాలు..." అని ఆగి, తొందరపెట్టకుండా వాడి మొహంలోకి చూడమన్నాను. కొన్ని వారాలకు "పొంగి" అన్నాడు. అప్పుడు తిట్టి సరిదిద్దకూడదు, "అవును, పాలు పొంగాయి" అని నిండుగా అనాలి, అంతే.

అమెరికాలో ఉన్నవాళ్లూ వినండి, అక్కడ వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం ఉన్న ఐడీఈఏ చట్టం ప్రకారం పిల్లల్ని వీలైనంతవరకు వాళ్ల ఇంటి భాషలో పరీక్షించాలి. స్కూల్‌ని అడగండి, మొహమాటపడొద్దు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వస రాస్తే మాటలు రావు, ముందు వినికిడి పరీక్ష చేయించండి. నాలుక కింద తీగ ఉన్నంత మాత్రాన అసలు మాటలే రాకుండా పోవు. కావాల్సింది చూపించి అడగడానికి బొమ్మల కార్డులు, ట్యాబ్ ఇస్తే మాట్లాడటానికి బద్ధకిస్తారన్నది శుద్ధ తప్పు, అడగడానికి ఒక దారి దొరికాక చాలామందికి మాట కూడా పెరుగుతుంది. "మగపిల్లలకు లేటే" అని కూర్చోకండి, రెండేళ్లకు రెండు పదాలు కలపకపోతే చూపించండి. పదేళ్లు దాటినా థెరపీ పనిచేస్తుంది, లక్ష్యాలు మారతాయంతే.

ఖర్చు గురించి టెన్షన్ పడేవాళ్లు జిల్లా స్థాయిలో, పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకమైన ఆర్‌బీఎస్‌కే కింద నడిచే డీఈఐసీకి (ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రం) వెళ్లండి, పరీక్షలు ఉచితం. బడి పిల్లలకైతే మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో అడగండి. ప్రైవేటుగా వెళ్తే థెరపిస్టుకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందే చూసుకోండి.